సగం అధ్యాయం

దామోదర్‌ది చిన్నప్పటి నుంచీ దాచుకు తినే బుద్ధి. పెళ్లి భోజనంలో లడ్డూ వేస్తే నాలుగు ముక్కలు చేసి, ఆఖరి ముక్క లేవబోయే ముందు నోట్లో వేసుకునేవాడు. సిద్దిపేటలో విత్తనాల దుకాణం కొడుకు మహేందర్‌కు అప్పజెప్పి ఇంటిపట్టున కూర్చున్నాక పేపర్ కూడా పొద్దున సగం, మధ్యాహ్నం సగం చదివేవాడు. అట్లాంటి మనిషికి ఒకేసారి పద్దెనిమిది నవలలు దొరికితే ఇంకేముంది!

పాత పుస్తకాల దుకాణంలో మూట కట్టి పెడితే తెచ్చుకున్నాడు. రెండు వందల ఏళ్ల కిందట కోరంగి రేవు నుంచి సముద్రం అవతలి రంగం రేవు దాకా పోయి వచ్చే తెరచాప ఓడల కథ, పద్దెనిమిది భాగాలు. ఓడ నడిపే సరంగు సింహాచలం, అతని తమ్ముడు అప్పన్న, తుఫానులు, దొంగ ఓడలు, దొరల ఫిరంగులు. సముద్రం మొహం ఎన్నడూ చూడని దామోదర్‌ను అవి పిచ్చిగా పట్టుకున్నాయి. తొందరగా అయిపోతాయేమోనని భయపడి ఒట్టు పెట్టుకున్నాడు. రోజుకొక్క అధ్యాయం. ముందుకు పేజీలు తిప్పి చూడకూడదు. ఆఖరి భాగాలు బట్టలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే వెనక వాడకట్టు బాలయ్య గౌడ్ తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుము విరిగింది, కాళ్లు పడిపోయాయి. ముప్ఫై ఏళ్లు ఆయన గీసిన కల్లు తాగిన దామోదర్ చూడటానికి వెళ్లాడు. గోడకేసి చూస్తూ పడుకున్న మనిషితో ఏం మాట్లాడాలో ఒక్క ముక్కా తోచలేదు. మర్నాడు పుస్తకం పట్టుకుపోయాడు.

అట్లా మొదలైంది. రోజూ సాయంత్రం మంచం పక్కన కుర్చీ వేసుకుని దామోదర్ చదవడం, బాలయ్య వినడం. బాలయ్య భార్య రామవ్వ గడప దగ్గర బీడీలు చుట్టుకుంటూ చెవి ఇటు వేసేది. బాలయ్యకు అక్షరం రాదు గాని, తెరచాప కొయ్య ఎక్కే వాళ్ల సంగతి వస్తే మాత్రం ఆయన ముందు ఆ రాసినాయన కూడా పనికిరాడు.

"గాలి కొట్టినప్పుడు గట్ల కిందికి సూస్తరా పటేలా? రాసినోడు ఎన్నడన్న చెట్టెక్కిండా? ఒళ్లు కొయ్యకు ఒత్తిపెట్టి మోకు గట్టిగ పట్టుకోవాలె!"

మూడో భాగంలో తుఫాను రాత్రి అప్పన్న కొయ్య మీంచి జారి సముద్రంలో పడ్డాడు. బాలయ్య మెడ లేపాడు. చెట్టు మీంచి పడ్డాక ఆ మెడ అంత పైకి లేవడం అదే మొదలు.

"పడ్డడా? బతికిండా మరి?"

"నాకెట్ల తెలుస్తది గౌడ్? నేను గూడ ముందటికి సదువలే."

"తిప్పి సూడరాదు?"

"అట్ల సూస్తే మజా ఏముంటది?"

మజా అట, మజా! నడుము విరిగి పడుకున్న వాడికి చెప్పాల్సిన మాటేనా అది? కానీ బాలయ్య నొచ్చుకోలేదు. ఆ రోజు నుంచి ఆయనకు ఓడలూ ఫిరంగులూ అక్కర్లేకపోయాయి. పైనుంచి పడ్డవాడు బతికాడా లేదా, అదొక్కటే కావాలి. ఏడో భాగంలో ఎవరో చూశామన్నారు, పదో భాగంలో కాదన్నారు. బాలయ్య మాత్రం గట్టిగా చెప్పేవాడు. "ఆడు సావలే పటేలా. మోకు పట్టిన చెయ్యి గంత అల్కగ ఇడువది."

రెండో ఏడు వచ్చేసరికి బాలయ్య వీపంతా పుండ్లయింది. జ్వరం తగ్గితే మళ్లీ వచ్చేది. దవాఖానలో చూసి, ఇంటికి తీసుకుపోయి తినాలనిపించింది పెట్టమన్నారు. దానర్థం అందరికీ తెలిసింది, బాలయ్యకు కూడా.

అప్పుడు దామోదర్ చేసిన పని వినండి. అధ్యాయాన్ని సగం చేశాడు. పుస్తకాలు మిగిలి ఉన్నన్నాళ్లు బాలయ్య మిగిలి ఉంటాడని ఆయన నమ్మకం. కథ సగంలో వదిలి ఎవరు పోతారు? ఎవరికైనా చెబితే నవ్వుతారని లోపలే పెట్టుకున్నాడు. అది ప్రేమ కాదని నేననను. కానీ పిసినారి ప్రేమ.

పదిహేనో భాగంలో సింహాచలం ఓడ రంగం రేవు చేరుతుండగా దామోదర్ ఒక సాయంత్రం పుస్తకం మూశాడు. బాలయ్య గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"ఇంకొద్దిగ సదువు పటేలా. అప్పన్న ముచ్చట ఒక్కటి తెలిస్తె సాలు."

"రేపు సదువుకుందం గౌడ్. పుస్తకం యాడికి పోతది?"

"పుస్తకం యాడికి పోదు," అన్నాడు బాలయ్య.

తెల్లారేసరికి ఆయన పోయాడు.

దినాలయ్యాక దామోదర్ సాయంత్రం అలవాటైన వేళకు వెళ్లాడు. చేతిలో పుస్తకం ఎందుకు తెచ్చుకున్నాడో ఆయనకే తెలియదు. మంచం తీసేసిన జాగ బోడిగా ఉంది. రామవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

"పానం పొయ్యే ముందు గదే అడిగిండు పటేలా, అప్పన్న బతికిండానే అని. నాకేం ఎరుక? బతికిండు, పటేల్ నాకు చెప్పి పోయిండు అన్న. సావబోయేటోనికి అబద్ధం చెప్పిన. పాపమైతదా?"

దామోదర్ నిలబడే గుర్తు పెట్టిన చోట తెరిచాడు. ఒక పేజీ, రెండు, మూడు. నాలుగో పేజీలో రంగం బజారులో తాళ్లు అమ్ముకుంటూ, ఒక కాలు ఈడ్చుకుంటూ ఒకడు తిరిగి చూశాడు. సింహాచలం "తమ్ముడా!" అని కేక పెట్టాడు. అధ్యాయం అక్కడ అయిపోయింది. పాత లెక్కనే నడిచి ఉంటే బాలయ్య వినేవాడే. దామోదర్ అక్కడే చతికిలబడ్డాడు.

"అబద్ధం గాదు రామవ్వా. బతికిండు."

రామవ్వ ముఖం ఒక్కసారి వెలిగింది. "నిజంగనా! ఆఖరు పుస్తకంల ఉన్నదా?"

అవునంటే సరిపోయేది. ఆయనకు అబద్ధమాడటానికి నోరు రాలేదు. "గీ దాంట్లనే. ఆ దినం ఆపిన కాడికెల్లి నాలుగు పేజీలు."

ఆమె పుస్తకం వైపు చూసింది. తిట్టలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నేను చెప్తె నమ్మలే పటేలా. నవ్విండు. పటేల్ గింత జల్ది చెప్పడే పిచ్చిదానా అన్నడు. గంతే, కండ్లు మూసిండు."