పాచంటే తోమితే పోవాల

మా అత్త సన్యాసమ్మ లెక్కలో పచ్చగా ఉన్నవి రెండే రకాలు: వండుకునేవి, తోమి పారేసేవి. నా సాక్సిఫ్రేజ్ మొక్క రెండో రకంలో పడింది.

హిమాచల్ కొండల్లో రోడ్డు పనికి వెళ్ళిన మా తమ్ముడు పైడిబాబు దాని విత్తనాలు తెచ్చాడు. మంచు కొండల మీద రాళ్ళని కరుచుకుని, చిన్న దిండులా గుబురుగా పెరిగే మొక్క. దాన్ని జంషెడ్‌పూర్‌లో, మా బర్మామైన్స్ పేట ఎండలో బతికిస్తానంటే వీధంతా నవ్వింది. ఎవరైనా నవ్వితే నాకు పట్టుదల రెట్టింపవుతుంది. వెడల్పాటి మట్టి తొట్టిలో, నీళ్ళు నిలవకుండా, ఉక్కు కార్ఖానా పారబోసే స్లాగు రాళ్ళు పేర్చి వాటి సందుల్లో నాటాను. వేసవిలో తొట్టిని తడి ఇసుకలో కూర్చోబెట్టి, నీడ పట్టున కాపాడాను. మూడేళ్ళకి అరచేయంత దిండు కట్టింది. అంతలో ఒకనాడు చూస్తే ఒక పక్క బోడిగా ఉంది. ఎండదెబ్బ అనుకుని ఏడ్చేశాను.

"ఏటే సుధారాణీ, పాచి కోసం ఏడుత్తన్నావా?" అంది అత్త, ఎటో చూస్తూ.

వానలు వెళ్ళాక ఆ బోడి చోట మళ్ళీ పచ్చబడింది. చలికాలం పూల ప్రదర్శనలో, రాతితోటల పోటీకి పెట్టాను. అది మొక్కేనని ఊళ్ళో ఒక్కరిచేతైనా అనిపించాలి. నాకు కావలసింది అదే.

న్యాయనిర్ణేత త్యాగరాజు గారు వంగి చూశారు.

"రాళ్ళు చక్కగా పేర్చారమ్మా. కానీ నాచుని పోటీకి తీసుకోమండీ" అని పక్క తొట్టి వైపు కదిలారు.

నా వెంట వచ్చిన మా అత్త ఆయనకి అడ్డంగా నిలబడింది.

"పాచంటే తోమితే పోవాల గదా బాబూ? దీన్ని నాను తోమినాను. కొబ్బరిపీచెట్టి, సెయ్యి నొప్పెట్టీదాకా తోమినాను. పైది రాలింది గానీ వేరు రాయిని వదల్నేదు. మల్లీ లెగిసింది. పాచి లెగుత్తదేటి?"

ఎండదెబ్బ కాదన్నమాట! నాకు కోపం నెత్తికెక్కింది. దాని వెనకే నవ్వూ వచ్చింది.

త్యాగరాజు గారు భూతద్దం తీసి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆకుల మధ్య ఆవగింజంత మొగ్గ నాకూ అప్పుడే కనిపించింది.

"మొగ్గ వేసింది! మన జంషెడ్‌పూర్‌లో!" అని ఆయన పక్కవాళ్ళని కేకేశారు. మొదటి బహుమతి కప్పు మాకే. నేను సిగ్గు లేకుండా గెంతాను.

ఆటోలో అత్త తొట్టిని నాకివ్వలేదు, తన ఒళ్ళోనే పెట్టుకుంది. పాచిని ఇక్కడి హిందీలో కాయీ అంటారు; మొక్కని పౌధా, కోడల్ని బహూ. మా వీధి మలుపులో పక్కింటి గౌరీదేవి, "కాయీకి కప్పిచ్చారా చాచీ?" అని హిందీలో అడిగి నవ్వింది.

అత్త ఆటో ఆపించి మరీ, తనకొచ్చిన హిందీలో అరిచింది: "కాయీ నై! హమారా బహూ కా పౌధా!"