మూడు గుంటలు

సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో ఆ తొమ్మిదో అంతస్తు కిటికీ దగ్గర నిలబడితే ఓబయ్యకు ఒళ్ళు తెలియదు. కింద సిమెంటు కాలువలో వాన నీళ్ళు పరుగెత్తుతుంటాయి. చూస్తూ ఉండగానే అవి ఎర్రబడతాయి, గట్ల మీద తంగేడు మొలుస్తుంది, కాలువ కాస్తా అనంతపురం జిల్లాలో తన చేను పక్కనున్న వంక అయిపోతుంది. ఎండిన బావిలోకి ఊట దిగుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. సెంబవాంగ్ షిప్‌యార్డులో ఆరు రోజులు ఇనుము గీకి రంగులేసే మనిషి, ఆదివారం ఆ మాత్రం కల కంటే ఎవరి సొమ్ము పోయింది?

ఇల్లు జలీల్‌ది. హైదరాబాదువాడు, పాయా లేబర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రైల్లో ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని ఓబయ్యే పలకరించాడు. అప్పట్నుంచీ ఆదివారాలు ఇక్కడికి వస్తుంటాడు. వాన నీటిని నిలబెట్టుకునే ఊళ్ళకు సర్కారు గ్రాంటు ఇస్తోందని తెలిసి, అర్జీ పనిని ఊరంతా కలిసి ఓబయ్య నెత్తిన పెట్టింది. ఊళ్ళో ఇంగ్లీషు రాసే అయ్యవారు లేక కాదు. సింగపూర్లో కంప్యూటర్ మీద కొట్టిస్తే ఆఫీసర్లు లేచి నిలబడి చదువుతారని వాళ్ళ నమ్మకం.

"మూడు గుంటలు సార్, వంక పొడుగునా" అని ఓబయ్య చెప్పాడు. జలీల్ ఇంగ్లీషులో టకటకా కొట్టాడు. ఆ మూడింటిలో ఒకటి ఓబయ్య చేనికి పైన. అది పడితే బావి ఊరుతుంది, డిసెంబరులో పర్మిట్ అయిపోగానే ఇంటికి పోయి వేరుశనగ వేసుకోవచ్చు. భార్య రత్తమ్మకు ఆ మాట ముందే చెప్పేశాడు కూడా.

నాలుగు నెలలకు ఊరి నీటి సంఘం పెద్ద సాంబమూర్తి, ఓబయ్య జలీల్ ఇంట్లో ఉండగా ఫోన్ చేశాడు.

"శాంక్షన్ అయినాది ఓబయ్యా! కానీ ఒకటే గుంటంట. మూడు గుంటల జాగాలో ఒక గుంట అని రాసినారు. ఇదేం లెక్కప్పా?"

ఓబయ్య ఆ మాటే జలీల్‌కు చెప్పాడు. జలీల్ ముఖం పాలిపోయింది.

"గుంట అంటే భూమి కొలత కదా భాయ్! ఎకరానికి నలభై గుంటలు. మా తాత ఏ జాగైనా గుంటల్లోనే చెప్తుండె. నువ్వు చెప్తే మూడు గుంటల జాగల తవ్వుతరనుకున్న."

"మా తట్టు నేలను సెంట్లలో కొలుస్తాం సార్. గుంటంటే నీళ్ళు నిలిచే గుంటే."

ఓబయ్యకు కోపం వచ్చింది. కానీ జలీల్ తల పట్టుకుని కూర్చున్న తీరు చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

ఫోన్లో సాంబమూర్తి ఇంకా మాట్లాడుతున్నాడు. "తెచ్చినోడివి నువ్వు. యాడ తవ్వల్లో నువ్వే చెప్పు. నీ చేని పైన తవ్వినా ఎవురూ ఏమనరు."

ఓబయ్య కిటికీలోంచి చూశాడు. కాలువ మళ్ళీ ఎర్రబడింది, బావి మళ్ళీ ఊరింది. ఈసారి ఆ చప్పుడు వెనక ఇంకో చప్పుడు వినబడింది. ఊరి చివర బోరింగు, గాలి తప్ప ఏమీ రాని దాని పిడి కిర్రుకిర్రుమంటోంది. వరసలో బిందెలు, రత్తమ్మ బిందె కూడా. ఇన్నాళ్ళ కలలో ఆ తావు ఒక్కసారీ కనబడలేదే అని అతనికి సిగ్గేసింది.

"బోరింగుకు పైతట్టు తవ్వండి" అన్నాడు.

"రత్తమ్మ ఈడనే ఉండాది, మాట్లాడు."

జలీల్ మెల్లగా లేచి పక్క గదిలోకి వెళ్ళాడు.

"బోరింగుకు పైతట్టేనా?" అంది రత్తమ్మ.

"ఊ."

"అయితే డిసెంబరుకు రావు."

"రాను. ఇంకో రెండేండ్లు."

బయట వాన జోరందుకుంది. ఆ హోరులో ఆమె ఏడుస్తోందో లేదో తెలియలేదు.

"సరేలే" అంది చివరికి. "నువ్వొచ్చే పొద్దుకు తాగను నీళ్ళన్నా ఉంటాయి."