గుర్రాల బాటలో రాళ్ళ దిగుడు

ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుకొండ మీద గుర్రాల బాట ఒక్కసారిగా లోయలోకి దూకే చోట మోర్వెన్నా సైకిలు ఆపింది. పిల్లాడు పుట్టాక ఆమె కొండ మీదికి రావడం ఇదే మొదలు. ఒకప్పుడు ఈ దిగుడు ఈలేసుకుంటూ దిగేది. ఇప్పుడు ఒక్కో రాయీ ఆసుపత్రి మంచంలా కనిపిస్తోంది. ఇవాళ సైకిలు మీద దిగలేకపోతే దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని గట్టిగా అనుకునే వచ్చింది.

"ఏమ్మా మరదలా, రాళ్ళతో చుట్టరికం కలుపుతున్నావా?" అంది లవ్‌డే. మోర్వెన్నా భర్తకు అక్క ఆమె. యాభై దాటిన మనిషి, పొద్దున్నే ఆవుల పాలు పితికి మరీ తన సైకిలేసుకుని వచ్చింది.

"నేను పడితే జోరీని ఎవరు చూస్తారు వదినా?"

"వాళ్ళ నాన్న చూస్తాడు. వాడికీ కాస్త తెలియనీ, పిల్లాణ్ణి సాకడమంటే ఏంటో!"

అని, సీటు మీంచి లేచి, నడుము వెనక్కి వాల్చి సైకిలును దిగుట్లోకి వదిలేసింది లవ్‌డే. మోర్వెన్నా రెప్ప వేయలేదు. కింద సైకిలు మేకపిల్లలా గంతులేస్తోంది. పైన మనిషి తల మాత్రం నీళ్ళబిందె నెత్తిన పెట్టుకున్నట్టు కుదురుగా ఉంది. బ్రేకుల్ని పట్టుకోవడం లేదు, వేళ్ళతో ఊరికే తడుముతోంది. అబ్బ, ఏం మనిషి!

అలా చూస్తూనే మోర్వెన్నా కూడా కదిలింది. సగం దిగేసరికి మలుపులోంచి ఒక ఎర్రగుర్రం ఎక్కుతూ వచ్చింది, మీద ఒకావిడ. బాట మీద ముందు హక్కు గుర్రానిదే. మోర్వెన్నా బ్రేకు వేసి, కాలు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. నిద్రపోయే పిల్లాడి పక్కన నెలల తరబడి చప్పుడు చేయకుండా మసలిన ఒళ్ళు కదా!

కానీ గుర్రానికి, మాట్లాడనిది మనిషి కాదు, పొంచి ఉన్న మృగం. చెవులు రిక్కించి వెనక్కి, బాట అంచు వైపుకి జరిగింది.

"నోరు విప్పు తల్లీ! ఏదో ఒకటి వాగు!" అని అరిచింది మీదున్నావిడ.

మోర్వెన్నాకి నోటికొచ్చింది ఒక్కటే. "నా బంగారుకొండే! బువ్వ తిన్నావా నాన్నా? ఆ తోక ఎవరిదమ్మా? నీదేనా?"

గుర్రం చెవులు వాలాయి. మెల్లగా ఆమెను రాసుకుంటూ దాటింది.

"దీనికి ఆరేళ్ళమ్మా, బువ్వ మానేసి చాలా కాలమైంది," అని నవ్వుతూ పోయిందావిడ.

మోర్వెన్నా ఆగింది సరిగ్గా నిట్టనిలువు చోట. ఆగిన చోటి నుంచి మళ్ళీ కదలడం అన్నిటికన్నా కష్టం. నడిపించుకుంటూ దిగినా ఎవరూ ఏమీ అనరు. కానీ మొదలైన నోరు ఆగలేదు. "పద నా తండ్రీ, ఇదిగో ఈ రాయి... మెల్లగా... ఆఁ, అదీ!" మాట బయటికొస్తుంటే ఊపిరీ వచ్చింది, ఊపిరితో పాటు భుజాలూ వదులయ్యాయి. ముందు చక్రం దభీమని దిగింది, వెనకది తన్నింది, మొహాన బురద కొట్టింది. ఆమె పెడళ్ళ మీదే ఉంది. రాళ్ళు అయిపోయి పచ్చిక వచ్చింది.

కింద గేటు తెరిచి పట్టుకుని లవ్‌డే నవ్వుతోంది. "కాలు కింద పెట్టావు. చూశాన్లే."

"గుర్రానికి పెట్టాను. నీ రాళ్ళకి కాదు!"

ఆగకుండా గేటు దాటి, ముందున్న ఎత్తు ఎక్కుతూ కేకేసింది మోర్వెన్నా: "గేటు వేసి రా వదినా!"