అత్తగారు ఎంచిన గంట

మలుపు తిరుగుతుండగా వెనక తలుపు తెరుచుకుంది. మా అత్తగారు ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని వేలాడింది. చేతిసంచి రోడ్డు మీద పడి కళ్లద్దాలు, మందుల డబ్బా, సగం తిన్న బిస్కెట్ల పొట్లం దొర్లాయి. బండి ఆపి, దిగి, అన్నీ ఏరి తెచ్చి ఇచ్చాను. ఆవిడ సంచిలోకి తొంగిచూసి, "బిస్కెట్లు తగ్గాయి" అని కిటికీ అద్దంతో చెప్పింది.

నాతో చెప్పలేదు. మేమిద్దరం మాట్లాడుకోం. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ మా మాటలు ఆమె మీదుగా నడిచాయి. మీ ఆయనకి చెప్పు, మీ అమ్మకి చెప్పు, ఇదే వరస. ఆమె పోయింది గానీ అలవాటు పోలేదు. ఇప్పుడు ఆవిడ గోడకి చెబుతుంది, నేను కుర్చీకి చెబుతాను. పని జరిగిపోతుంది. ఆవిడది బండగొంతు, గోడకి చెప్పినా ఒక్క ముక్క నాకు తప్పిపోదు. అది నా ఖర్మ.

కూతురికి జబ్బు చేసినప్పుడు చూసుకోవడానికి వచ్చిన మనిషి. ఆ తర్వాత వెళ్లలేదు. నేను వెళ్లమనలేదు.

బండి సంగతి చెప్పాలి. నేను పనిచేసిన రంపపు మిల్లు యజమానిది. ఆయన పోయాక వాళ్లింట్లో అందరూ వద్దంటే నాకొచ్చింది. అప్పట్లో అందరూ డొక్కు అన్నారు. ఇప్పుడు దారిన పోయేవాళ్లు ఆగి క్లాసిక్ అంటున్నారు, పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. మధ్యలో బండి ఏమీ మారలేదు. వెనక సీటు సోఫా, తలుపు బీరువా తలుపంత. మోకాళ్లు వంగని మనిషి నిలబడ్డట్టే లోపలికి జరిగి కూలబడవచ్చు. కొత్త కార్లు ఆవిడ ఎక్కలేదు. ఒకసారి ఎక్కితే ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. మోకాళ్లకి వ్యాయామం చేయించే చోటికి వారం వారం ఈ బండిలోనే తీసుకెళ్తాను. అది తప్పితే ఆవిడకి నడక లేదు.

తలుపు తెరుచుకున్న సంగతి ఆవిడే కొడుక్కి ఫోన్లో చెప్పింది, సినిమా కథలా, నేను వేగంగా తిప్పానన్న అబద్ధం కూడా కలిపి. మర్నాడే మా బావమరిది దిగాడు. బీమా కంపెనీలో ప్రమాదాల నష్టం అంచనా వేసే ఉద్యోగం. ఏ వస్తువును చూసినా అది ఎలా విరుగుతుందో ముందే కనబడుతుంది అతనికి. అక్క విరిగిపోతున్నప్పుడు కనబడలేదు. ఆసుపత్రికి పళ్లబుట్టతో వచ్చాడు, ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లాడు. ఆ పళ్లు ఎవరూ తినలేదు.

బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు లాగి వదిలాడు. బరువు తలుపు, దీని కొక్కెం రెండు దఫాలుగా పడుతుంది. మొదటి దఫా దగ్గరే ఆగితే మూసుకున్నట్టే కనబడుతుంది. మూసుకోదు.

"కొత్త బళ్లలో తలుపు పడకపోతే మోగుతుంది బావా. దీనికీ పెట్టించండి. లేదంటే అమ్మని నేను తీసుకెళ్తాను. వ్యాయామాల చోటు మా బిల్డింగు ఎదురే. లిఫ్టుంది."

అత్తగారు గోడ వైపు తిరిగింది. "ఆ లిఫ్టులో ఎక్కాలన్నా కోడలు కాళ్లు కడుక్కోమంటుంది" అంది.

కొడుకు నవ్వలేదు. ఆదివారం వచ్చి చూస్తానని వెళ్లిపోయాడు.

ఆవిడ వెళ్తే నాకు పోయేదేమిటని ఎవరైనా అడగవచ్చు. మా ఆవిడ గురించి ఈ ఇంట్లో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. చెప్పేవన్నీ తప్పులే. నా భార్యకి చీకటంటే భయమంటుంది. లేదు. వంకాయ ఇష్టమంటుంది. పెళ్లయ్యాక మానేసింది. నేను లోపల్లోపల దిద్దుకుంటూ కూర్చుంటాను. ఆవిడ పోతే దిద్దుకోవడానికి తప్పు కూడా మిగలదు. అంతే. ప్రేమ ఏమీ లేదు. కూతురు పోయిన రోజున వచ్చినవాళ్లందరి ముందు, "ఇంట్లోనే ఉన్నాడు, మనిషి చిక్కిపోతుంటే కళ్లెక్కడ పెట్టుకున్నాడు" అంది. అది నేను మరిచిపోలేదు, మరవను.

కార్ల కరెంటు పని చేసేవాణ్ణి ఊరంతా ఫ్యూజు అంటారు. ఏ బండి తెచ్చినా ముందు "ఫ్యూజు పోయుంటుంది" అంటాడు గనక. ఇంటి ముందు రేకుల షెడ్డు, లోపల తీగలు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. తలుపుల చట్రాల్లో నొక్కుడు బొత్తాలు పెట్టాలి, తలుపు పూర్తిగా పడితేనే బొత్తాం నొక్కుకుంటుంది. హ్యాండ్ బ్రేకు దించకుండా కదిలినా, లైట్లు ఆర్పకుండా దిగినా చప్పుడు రావాలి. ఇదీ అతను చెప్పిన పథకం.

చప్పుడు చేసే పెట్టె మొదటిది కలిపీ కలపగానే పొగొచ్చింది. ఫ్యూజు వెనక్కి గెంతాడు. ఈ బండికి బ్యాటరీ ప్లస్సు తీగ బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి బళ్లన్నిటికీ మైనస్సు తీగ కలుపుతారు. ఆ సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు. నాకు తెలుసు, నోటిదాకా రాలేదు. ఈమధ్య చాలా విషయాలు అలాగే ఆగిపోతున్నాయి. అత్తగారు బండిలోంచి ముక్కు మూసుకుని, మనుషుల్లాగే బండీ తలకిందులదేనని సంచితో చెప్పింది.

ఇంకో పెట్టె తెచ్చి, తీగలు తిరగేసి, బాడీకి తగలకుండా రబ్బరు మీద కూర్చోబెట్టాడు. ఇక చప్పుడు ఎంచుకోమన్నాడు. ముందు ఆడగొంతు వినిపించాడు. తలుపు మూయలేదు, దయచేసి మూయండి అని మర్యాదగా చెబుతుంది.

"వద్దు" అన్నాను. "ఒకావిడ గొంతు చాలు బండిలో."

ఫ్యూజు పళ్లు బిగించి నవ్వాపుకున్నాడు. బండిలోంచి సమాధానం వచ్చింది. "మర్యాదగా చెబితే కొందరికి ఎక్కదులే నాయనా. వేరేది పెట్టు."

తర్వాత బొత్తాలు వరసగా నొక్కాడు. ఒకటి బరబరమంది, ఒకటి కారు దొంగతనం చేస్తున్నట్టు అరిచింది. ఆవిడ ప్రతిదానికీ తల పట్టుకుంది. ఇంకోటి నొక్కాడు. నాకేమీ వినబడలేదు. స్విచ్చి పనిచేయలేదనుకున్నాను. అంతలో అతని తల తాళం వేస్తున్నట్టు ఊగడం చూశాను. చప్పుడు వస్తోంది. నాకు రావడం లేదు.

రంపం దుంగలోకి దిగేటప్పుడు ఒక సన్నటి కేక పెడుతుంది. బతుకంతా దాని పక్కన నిలబడ్డాను. మిల్లులో మేం చేతులతో మాట్లాడుకునేవాళ్లం. సన్నటి చప్పుళ్లన్నిటినీ అదే తినేసి ఉంటుంది. నాకు ఆ క్షణందాకా తెలియదు.

"ఇదే, ఇదే" అంది అత్తగారు. "మెత్తగా, చిన్న గుడిగంటలా ఉంది. మిగతావి పీనుగల్ని లేపేట్టున్నాయి."

"మీకు సరేనా పెద్దాయనా? నడిపేది మీరు" అన్నాడు ఫ్యూజు.

వినబడలేదని అంటే సాయంత్రానికి ఆ మాట ఫోన్లో పదో అంతస్తులో ఉండే కొడుక్కి చేరుతుంది. పైగా ఆవిడ ముందు చెవిటివాణ్ణి కావడం నాకిష్టం లేదు. కళ్లెక్కడ పెట్టుకున్నావని అడిగిన మనిషికి చెవులు కూడా అప్పగించనా. చప్పుడుతోపాటు స్టీరింగు కింద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. దాన్ని చూసుకుంటే సరిపోతుందనుకున్నాను.

"సరే" అన్నాను.

ఆదివారం పొద్దున బావమరిది వచ్చాడు. వెనక సీట్లో తల్లి పక్కన కూర్చున్నాడు. బయల్దేరాను. ఎండ ఎదురుగా ఉంది. ముందు అద్దంలోంచి పడి స్టీరింగు కింద అంతా తెల్లగా ఉంది. ఎర్ర దీపం వెలిగిందో లేదో దేవుడికి తెలియాలి.

వీధి చివరిదాకా వెళ్లాను. అత్తగారు కిటికీ అద్దంతో, "ఎక్కడో గంట మోగుతున్నట్టుంది" అంది. పక్క వీధి బడిలోనేమో అనుకున్నాను. ఆదివారం బడేమిటన్నది తట్టలేదు. ఆవిడ దగ్గింది. చేతికర్రతో నా సీటు కాలు తట్టింది. మోకాలు నొప్పేమో అనుకుని ఇంకాస్త నెమ్మదించాను. మలుపు దగ్గర పడింది.

"ఆపండి బావా."

ఆపాను. అతను తన వైపు తలుపును ఒక వేలితో తోశాడు. తెరుచుకుంది. కావాలనే మొదటి దఫా దగ్గర వదిలేశాడు.

"గేటు దగ్గర్నించి మోగుతోంది" అన్నాడు.

"ఏం మోగుతోంది?" అంది అత్తగారు. ఈసారి అద్దంతో కాదు, కొడుకుతో. "నాకేం వినబడలేదు. ఆ పెట్టె పాడైనట్టుంది. మీ బావనంటావేం?"

గోడ మీద బల్లి పాకితే పక్కగదిలోంచి లేచే మనిషి. నా పక్షాన ఆవిడ ఒక్క మాట అనడం నేనెన్నడూ వినలేదు. నా కోసం అనలేదు. ఆ లిఫ్టున్న ఇంటికి పోవాల్సొస్తుందన్న భయంతో అంది. అయినా అంది. కొడుకు ఆవిడ ముఖం చూసి తల దించుకున్నాడు. పెట్టె మోగుతూనే ఉండి ఉంటుంది. అతని కళ్లెదుటే తల్లి చెవుల్లేని దానిలా కూర్చుంది.

నా పరువు కోసం ముసలావిడ అబద్ధం మోయడం నాకు పడలేదు. మోసి, రేపు మలుపులో నిజంగా పడిపోతే ఏం చేస్తాను.

"మోగుతోంది. నాకే వినబడదు" అన్నాను.

"ఎప్పట్నించి?"

"వినబడనిది ఎప్పట్నించి వినబడటం లేదో ఎలా తెలుస్తుంది?"

"మరి ఎంచుకున్నప్పుడు?"

"మీ అమ్మకి నచ్చింది."

నడిపేవాడి చెవులకి పెట్టాల్సిన గంటని వెనక కూర్చునే మనిషి చెవులకి పెట్టించుకొచ్చాం. ఇలాంటి పని చేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటారనుకోను. అతను సామాను సర్దుకోమని తల్లికి చెప్పాడు. కోపంగా చెప్పలేదు. అలసిపోయినట్టు చెప్పాడు. అతన్ని చూస్తే అక్క పోలికలు కనబడ్డాయి, అవి చూడటం నాకిష్టం లేదు. తలుపు గట్టిగా వేయమన్నాను. వేశాడు. ఇంటివైపు తిప్పకుండా ఫ్యూజు షెడ్డుకి పోనిచ్చాను. ఎక్కడికని అతను అడిగాడు.

ఫ్యూజు బనీను మీద బయటికొచ్చాడు. నాకు వినబడే చప్పుడు కావాలన్నాను. ఇతర బళ్ల హారన్లు వినబడుతున్నాయా అని బావమరిది పరీక్ష పెట్టాడు. నన్ను వీధికి వీపు పెట్టించి నిలబెట్టి, హారన్ వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. బడిలో కూడా నన్నెవరూ అలా నిలబెట్టలేదు. బస్సుకి ఎత్తాను, లారీకి ఎత్తాను, కారుకి ఎత్తాను. సైకిలు గంటకి ఎత్తలేదు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నాడు. వెళ్తానన్నాను, అతన్నే చీటీ రాయించమన్నాను. అతను రాయిస్తానన్నాడు.

ఫ్యూజు చివరికి మూలనుంచి ఒక బజరు తెచ్చాడు. పాత మినీ లారీలో బ్రేకులకి గాలి చాలకపోతే మొత్తుకునేది. కలిపాడు. పీక పట్టుకుంటే గేదె అరిచినట్టు అరిచింది. పక్కింటివాళ్లు తొంగిచూశారు. నాకు చెవుల్లోనే కాదు, స్టీరింగు పట్టుకున్న చేతుల్లో కూడా తెలిసింది.

"ఇది వినబడుతుంది" అన్నాను.

అత్తగారు వెనక సీట్లో రెండు చెవులూ మూసుకుని ఉంది. బావమరిది తన తలుపు వేసి, ఆవిడ వైపు వచ్చి తలుపు తెరిచి నిలబడ్డాడు. తలుపు తెరిచి ఉంది గనక గేదె ఆగలేదు. అతను గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది. ఈ చప్పుడు రోజూ భరించలేవమ్మా అన్నాడు. తలనొప్పి మనిషివి అన్నాడు. ట్యాక్సీ పిలుస్తాను, నెమ్మదిగా ఇద్దరం పట్టి ఎక్కిస్తాం అన్నాడు. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. ఉండమనడానికి నాకు నోరు లేదు, కుర్చీ కూడా లేదు అక్కడ.

ఆవిడ చెవుల మీదినుంచి చేతులు తీసింది. కొడుకుని కాస్త పక్కకి జరగమంది. జరిగాడు. రెండు చేతులతో తలుపు పిడి పట్టుకుని లాగింది. పడింది గానీ మొదటి దఫా దగ్గరే ఆగింది. గేదె అరుస్తూనే ఉంది. సాయానికి ఫ్యూజు చెయ్యి చాస్తే వద్దని తలూపింది. తలుపు మళ్లీ బయటికి తోసి, మోకాలు సీటుకి అదిమిపెట్టి, ఒళ్లంతా వెనక్కి పడేసి లాగింది.

చప్పుడాగింది.

అద్దంలో చూశాను. నోరు తెరిచి ఆయాసపడుతోంది. అది తగ్గేదాకా ఆగి, గేరు వేశాను.