తెర చాటు మాటలు

"ఓపెన్ మౌత్, బేబీ" అంది భూలక్ష్మి. పింకీ నోరు బిగించింది.

చెంచాలో రాగిజావ చల్లారిపోతోంది. పిల్ల గడ్డం మీద కారినదాన్ని బొటనవేలితో తుడిచి మళ్ళీ అదే మాట అంది. ఆ తర్వాత ఏమనాలో ఆమెకు ఇంగ్లీషులో రాదు. తెలిసిన తెలుగు మాటేమో నాలుక చివరిదాకా వచ్చి, పైన మూలనున్న కెమెరాను చూసి వెనక్కి పోయింది. కెమెరాకు ఈ మధ్య చెవులు కూడా పెట్టారు. మాదాపూర్‌లో ఏ అంతస్తులో పని చేసుకుంటున్నా, తల్లులు ఫోన్లలో పిల్లల్ని చూస్తారు, వింటారు.

భూలక్ష్మికి యాభై దాటాయి. లావుపాటి మణికట్లు, సబ్బునీళ్ళకు పగిలిన వేళ్ళు. నార్సింగిలో వాళ్ళ వంకాయ మళ్ళున్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. ముగ్గురు పిల్లల్ని పెంచి, మనవల్ని ఎత్తుకుని, ఆ చేతులతోనే ఈ క్రెష్‌లో ఆయాగా చేరింది. వేసవి పోయాక కొత్త నియమం వచ్చింది. పిల్లలతో ఇంగ్లీషు తప్ప మరో మాట వద్దు. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక మేనేజరు జ్యోత్స్న ఆయాలను కూర్చోబెట్టి పాఠం చెబుతుంది.

మొదట్లో భూలక్ష్మి సంబరపడింది. ఇంట్లో అన్నం పెడుతూ మొగుడు యాదయ్య ముందు కూడా "ఓపెన్ మౌత్" అంది.

"నాకు ముందటి పండ్లు ఊడిపాయె. మౌత్ ఎప్పుడూ ఓపెనే ఉంటది, నువ్వు కూర వెయ్యి" అన్నాడతను.

రానురాను ఆ సంబరం మంటగా మారింది. వాష్ హ్యాండ్స్, నో బైటింగ్, సిట్ డౌన్. నేర్పినవన్నీ ఆజ్ఞలే. పడి ఏడుస్తున్న పిల్లను ఒళ్ళోకి తీసుకుని ఏమనాలని అడిగితే "యూ ఆర్ ఓకే" అనమన్నారు. మోకాలు చీరుకుపోయిన పిల్లతో నీకేం కాలేదనడం ఏం ఓదార్పు? నోరు తెరిస్తే నలుగురిని నవ్వించే మనిషి, పొద్దంతా మూగదానిలా తిరిగి ఇంటికి పోతోంది.

పింకీకి రెండేళ్ళు దాటినా మాట రాలేదు. ఎవరో డాక్టరు ఒకే భాష మాట్లాడమన్నాడని తల్లి ఉమాశ్రీ ఇంగ్లీషును ఎంచుకుంది. ఎదుటి టవర్లోనే ఆమె ఉద్యోగం. "ప్లీజ్ అండీ, ఒక్క తెలుగు ముక్క కూడా దాని చెవిన పడనివ్వకండి" అని భూలక్ష్మి చేతులు పట్టుకుంది. అందుకే భూలక్ష్మి సరేనంది.

ఒక్క చోట తప్ప. డైపర్లు మార్చే బల్ల చుట్టూ తెర ఉంది. దాని లోపలికి కెమెరా చూపు పోదు, గొంతు తగ్గిస్తే దాని చెవికీ అందదు.

జావ కక్కుకున్న పింకీని ఎత్తుకుని తెర లోపలికి పోయింది. కొక్కేనికి తగిలించిన తన పాత నేతచీర ముక్క తీసి మూల అందించింది. అది చప్పరిస్తేనే పిల్ల కదలకుండా పడుకుంటుంది.

"ఏందే ముద్దపప్పు, జావంత నాకే పూస్తివి? సిగ్గున్నదా నీకు? ఇగ చూడు, నా కొంగు ఎట్ల చేసినవో! దా, అవ్వ దగ్గరికి దా." గొంతు తగ్గించి, పొద్దుటి నుంచి బిగబట్టినదంతా చెప్పుకుంది. పింకీ రెప్ప వేయకుండా ఆమె పెదవులనే చూసింది.

మధ్యాహ్నం పాఠమయ్యాక భూలక్ష్మి దుప్పట్లు మడుస్తోంది. నిద్ర లేచిన పింకీ ఉయ్యాలమంచం చువ్వలు పట్టుకుని నిలబడింది. రెండు చేతులూ చాచింది.

"అవ్వా! దా!"

గదిలో అందరూ తిరిగి చూశారు. గుడ్ జాబ్ అనాలి కాబోలు. భూలక్ష్మి చేతిలోని దుప్పటి కింద పడింది.

"వస్తున్న నా తల్లీ, వస్తున్న!"

కాసేపటికే ఉమాశ్రీ పరుగెత్తుకొచ్చింది. మెడలో గుర్తింపు కార్డు వెనక్కి తిరిగిపోయింది. బిడ్డకు మాటొచ్చిందని భూలక్ష్మి నవ్వుతూ ఎదురెళ్ళింది. ఉమాశ్రీ పిల్లను లాక్కుంది.

"మూడు నెలలుగా ఇంట్లో మేం నోరు నొక్కుకుని బతుకుతున్నామండీ! అంతా పాడుచేశారు కదా!" అంటూ పింకీ చెంపలు పట్టుకుంది. "అమ్మా అనవే. ఒక్కసారి అమ్మా అనవే తల్లీ!"

పింకీ భూలక్ష్మి వైపు చూసింది.

"మీకు కోపమొస్తే తెలుగొస్తది, ఏడుపొస్తే తెలుగొస్తది" అంది భూలక్ష్మి. ఆమె గొంతు గదంతా వినిపించింది. "పోరి నోట్లకెల్లి వస్తే మాత్రం రోగమా? నేనేమన్న విషం పెట్టిన్నా? మాట పెట్టిన!"

జ్యోత్స్న ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచింది. పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్ళిందనీ, రేపటి నుంచి రావద్దనీ చెప్పింది. తల ఎత్తకుండా "ప్లీజ్ అండర్‌స్టాండ్" అంది.

"అండర్‌స్టాండ్ అయింది మేడం. మంచిగ అయింది."

టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికొచ్చింది. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే చీర ముక్క గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు. పోరికి ఉండనీ అనుకుంది, పళ్ళు బిగించి.

తెర వెనక కొక్కేనికి ఆ ముక్క వేలాడుతోంది. ఒక మూల ఇంకా తడిగానే ఉంది.