ఒకే తల్లి పిల్లలు

చెట్లెక్కడంలో ఉడుత తర్వాతే ఎవరైనా. ఆ పేరు పెట్టింది వాళ్ళ వదిన. ఆవిడ ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి వీడికింకా పాలపళ్ళు ఊడుతున్నాయి, అయినా వీణ్ణి చెట్టు మీంచి దించడం ఇంట్లో ఎవరి తరమూ అయ్యేది కాదు. ఇప్పుడు వీడి తల నెరుస్తోంది, పేరు మాత్రం మారలేదు. కాలిపోయిన కొండవాలు మీద మళ్ళీ అడవిని మొలిపించాలని వదిన నర్సరీ నడుపుతోంది. ఆ నర్సరీకి విత్తనాలు తెచ్చిపెట్టడం వీడి పని.

అలాంటి ఉడుత ఆ ఏడు చెట్టెక్కడం మానేశాడు. ఈ సంగతి వాడికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

కిందటేడు వాడి కాలికింద కొమ్మ ఫెళ్ళున విరిగింది. నడుముకు తాడుంది కాబట్టి గాల్లో వేలాడాడు, ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. కానీ అప్పట్నుంచీ మనిషెత్తు దాటితే చాలు, కాళ్ళు గజగజా వణుకుతున్నాయి. ఉడుత అని పిలిపించుకునేవాడు ఈ మాట ఏ మొహంతో చెప్పుకుంటాడు? దారి పక్కన ఒరిగిపోయిన చెట్టు ఒకటుంది, దాని మీదికి మెట్లెక్కినట్టు నడిచిపోవచ్చు. కాయలంటారా, విరగకాసింది. సంచులన్నీ దాని దగ్గరే నింపుకుని, "ఇవి శిఖరం మీదివి, ఇవి లోయలోవి, ఇవి వాగు అవతలివి" అంటూ కోతలు కోశాడు. వదిన మురిసిపోయి, సంచి సంచికీ విడివిడిగా చీటీ కట్టి మరీ విత్తించింది.

మొలకలొచ్చి ఆకు విచ్చాక ఓ ఉదయం పిలుపొచ్చింది.

"ఏరా, ఓసారి ఇటు రా."

వదిన గొంతు మెత్తగా ఉంది. ఆవిడ గొంతు మెత్తబడిందంటే ఎవరికో మూడిందన్నమాటే. నీడపందిరి కింద ట్రేలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది.

"శిఖరం పిల్లకి ఆకుకొస ఎడమకి తిరిగింది. లోయ పిల్లకీ ఎడమకే. వాగు అవతలి పిల్లకీ ఎడమకే. ఏమిట్రా సంగతి? అందరూ కూడబలుక్కుని ఒకే పోలికతో పుట్టారా?"

"గాలివాటం అయ్యుంటుంది వదినా."

"గాలివాటమా, నా మొహమా! ఇవన్నీ ఒక్క తల్లి పిల్లలు. కనీసం ముప్పై తల్లుల గింజలు కావాలని ఎందుకు మొత్తుకుంటున్నాను? రేపు ఒకదానికి తెగులు పట్టిందంటే అన్నీ పోతాయి. పోకుండా పెరిగాయే అనుకో, పూతకొచ్చేసరికి చుట్టూ ఎవరుంటారు? అన్నాచెల్లెళ్ళు! వాటికి కాసే గింజలో ఏం సత్తువ ఉంటుంది? మనం పెంచుతోంది అడవిరా, ఒక్కింటి గ్రూప్ ఫొటో కాదు."

ఉడుత వంగి ఒక ట్రేకున్న చీటీని సరిచేయబోయాడు.

"ఈ జాతి ఏటా కాయదు. కొండ మీద కాయ మహా అయితే ఈ వారం ఉంటుంది. రాలిందా, పురుగులు ఒక్క గింజ మిగల్చవు. ఇప్పుడైనా నిజం చెప్పు, ఎందుకు చేశావీ పని?"

"ఎక్కలేకపోతున్నాను వదినా. భయమేస్తోంది."

చెప్పేశాక తలెత్తలేకపోయాడు. ఇక నీతో పని లేదు పొమ్మంటుందని వాడి బెంగ. చెట్టు భయం కన్నా ఆ భయమే వాణ్ణి ఎక్కువ తినేస్తోంది. చెట్ల పని తప్ప వాడికి చేతనైన పని లేదు, ఈ వదిన తప్ప మెచ్చుకునే మనిషీ లేదు.

వదిన పీట మీంచి లేచింది. "తాడు తియ్యి. నేనెక్కుతాను" అంది.

"నువ్వా! స్టూలెక్కి బల్బు మార్చాలంటేనే ఇంటిల్లిపాదినీ పిలుస్తావు!"

"నోరు మూసుకుని పద."

శిఖరం దగ్గర నిటారుగా ఉన్న చెట్టుకొమ్మ మీంచి తాడు వేసి, ఒక కొస వదిన నడుముకి కట్టారు, రెండో కొస వీడు పట్టుకున్నాడు. వీడు కింద నిలబడి ఎక్కడ చెయ్యి వెయ్యాలో, ఎక్కడ కాలు పెట్టాలో చెబుతుంటే ఆవిడ చెట్టునీ, మొగుణ్ణీ, మరిదినీ కలిపి తిడుతూ మొదటి పంగ దాకా ఎక్కేసింది. అక్కడ తిట్లు ఆగిపోయాయి.

"ఏరా, నేనిక కదల్లేను."

"ఏం ఫర్వాలేదు. చేతులు వదిలెయ్, మెల్లగా దించేస్తా."

"వదల్ను."

"తాడుంది వదినా, వదులు!"

"చచ్చినా వదల్ను! బీరువా తాళాలు గూట్లో ఉన్నాయని మీ అన్నయ్యకి చెప్పు."

ఉడుత తాడు కొసని పక్క చెట్టుకి బిగించి కట్టాడు. చెట్టెక్కేటప్పుడు వేసుకునే తన పట్టీ నడుముకి చుట్టుకున్నాడు. ఎక్కాలా వద్దా అని ఆలోచించే తీరిక లేకపోయింది, పైన వదిన బిక్కచచ్చిపోయి ఉంది. కాళ్ళ వణుకు తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ వణుకుతోనే ఎక్కేశాడు. పంగ దగ్గరికి చేరి ఆవిడ చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది.

"నిజం చెప్పు, నన్ను ఎక్కించడానికే కదూ ఈ నాటకం?"

"నాటకమా! పైప్రాణాలు పైనే పోతుంటే నాటకమట!" అని ఏడవబోయి నవ్వేసింది. వాడికీ నవ్వాగలేదు. ఇద్దరూ చెరో కొమ్మని కావలించుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

ఇంతలో ఆవిడ చూపు నెత్తి మీది గుత్తుల మీద పడింది.

"ఎలాగూ ఇంతదాకా వచ్చావుగా, వాటిని కూడా..."

"ముందు నిన్ను దించనీ."

"నేనెక్కడికి పోతాన్రా? ఇక్కడే ఉంటా, వెళ్ళు. భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నాకూ వేస్తోంది. వెళ్ళు."

వెళ్ళాడు. గుత్తులు కోసి సంచి నింపాడు. అంత ఎత్తునుంచి చూస్తే లోయంతా కాయతో ఉన్న చెట్లే, ఒకటి గుబురుగా, ఒకటి బక్కగా, ఒకటి నడుం వంగి. వాడికి ఒళ్ళు పులకరించింది.

"ఇంకా ఎంతమంది తల్లులురా?" కింద కొమ్మ మీంచి వదిన కేకేసింది.

"ఇరవై తొమ్మిది!"

"అన్నీ నావల్ల కాదురా నాయనా!"

"నువ్వెక్కక్కర్లేదు వదినా. కింద నిలబడి తిడుతూ ఉండు, చాలు!"