వెనక్కి తిరగని అంకె

"ఇంట్లో కూర్చుని చేసే పనికి ఆ తలుపెందుకెయ్యడం అమ్మాయ్?" అని పెద్దింట్లమ్మ రోజుకోసారైనా అంటుంది. ఆ మంగళవారమూ అంది. కోడలు లక్ష్మీతులసి మొగుడి చెరువు మీంచి వచ్చిన రొయ్యల్ని ముందు పోసుకుని, తల విరిచి, పెంకు ఒలిచి, నల్లనరం లాగి గిన్నెలో వేస్తోంది. లోపల గదిలో లాప్‌టాప్ మీద కొత్త వెర్షన్ పరీక్ష నడుస్తోంది. అది ముగిసేలోగా రొయ్యలు అవ్వాలి, రొయ్యలయ్యేలోగా అన్నం ఉడకాలి, ఆ తర్వాత మీటింగు. ఆఫీసుకి వెళ్ళే ఆడదానికి అక్కడున్నంతసేపైనా రొయ్యలు ఒలిచే పని ఉండదు. కాట్రేనికోనలో ఇంట్లోంచి ఉద్యోగం చేసే కోడలంటే, జీతం తెచ్చే ఖాళీ మనిషి అని లెక్క.

ఆమె చేసే పనేమిటో ఆ ఇంట్లో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. స్కూలు పిల్లల లాప్‌టాప్‌లు తయారుచేసే కంపెనీ వాళ్ళది. బటన్ నొక్కాక తెర వెలిగేలోపు ఆ యంత్రం తనని తాను సోదా చేసుకుంటుంది. ఇప్పుడు నడవబోయే ప్రోగ్రాం కంపెనీ సంతకంతోనే వచ్చిందా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అని. అయితే సంతకం ఒక్కటే చాలదు. పాత వెర్షన్ మీదా కంపెనీ సంతకమే ఉంటుంది, అదేం దొంగ సంతకం కాదు. కానీ ఆ పాతదానికి ఎక్కడెక్కడ కన్నాలున్నాయో దొంగలకి కంఠతా వచ్చు. అందుకని బోర్డు మీద గోరంత చిప్ పెట్టి, అందులో ఒక అంకె రాసి ఉంచుతారు. అంతకన్నా తక్కువ అంకెతో వచ్చినదాన్ని, సంతకం ఎంత నిజమైనదైనా, లోపలికి రానివ్వరు. ఆ అంకె పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. చిప్‌లో ఉన్న ఆ కాస్త జాగాలో ఏది ఎక్కడ ఉండాలి, ఎవరు రాయొచ్చు, రాశాక ఎప్పుడు తాళం పడాలి, ఇవన్నీ చూసేది తులసి. "గోరంత జాగాకి కాపలా కాస్తదండి మా ఆవిడ" అని మొగుడు గంగబాబు నలుగురిలో వేళాకోళం చేస్తాడు. నలుగురూ నవ్వుతారు. నవ్విన వాళ్ళకి ఆమే టీ తెచ్చి ఇస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఒక పొరపాటు చేసింది. కొత్త వెర్షన్ నిలబడి నడిచిందని తేలేదాకా అంకె పెంచకూడదు. తొందరపడి పెంచితే, కొత్తది కూలిపోయిన రోజున పాతదానికీ దారి ఉండదు, యంత్రం మూలన పడుతుంది. ఆ భయంతో ఆమె ఆగింది. కొత్తది చక్కగా నడిచింది. నడిచాక అంకె పెంచమని ప్రోగ్రాంలో చెప్పే ఒక్క వరస రాయడం మాత్రం మర్చిపోయింది. ఇంకేముంది, ఎవడో పాతదాన్ని తెచ్చి ఎక్కించాడు, అది దర్జాగా లోపలికొచ్చి కూర్చుంది. ఆ తప్పుని ఆమె ఒక్క పూటలో సరిదిద్దింది.

ఇంట్లో సరిదిద్దడానికి ఆరేళ్ళు చాలలేదు.

మొదటిసారి గంగబాబు కొట్టింది అన్నం చిమిడిందని. మీటింగు వదలక, కుక్కరు దింపడం ఆలస్యమైంది. చెంప మీద కొట్టి, జుట్టు పట్టుకుని తలని గోడకి మోదాడు. ఆ సాయంత్రమే పూతరేకులు తెచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత బెల్టు. ఆ తర్వాత చెరువు మోటారు తాడు. రెండేళ్ళ కిందట పక్కటెముక మీద తన్నినప్పుడు, ఆమె రామచంద్రపురంలో పెదనాన్న కూతురు కుమారక్క ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ బతుకు నిలబడింది. పొద్దున్నే లేచింది, పని చేసింది, తిన్నది, అడుగుల చప్పుడు వింటే ఉలిక్కిపడకుండా నిద్రపోయింది. కొత్త బతుకు నడుస్తుందని తేలిపోయింది, ఇంక ఏ పరీక్షా మిగల్లేదు. అప్పుడు గంగబాబు వచ్చి, గుమ్మంలో నిలబడి, "నేను పెళ్ళినాటి గంగబాబునే తులసీ" అన్నాడు. ఆమె వెంట వచ్చేసింది. ఎముకకి ఏమైందని అడిగిన వాళ్ళందరికీ స్నానాల గదిలో జారిపడ్డానని చెప్పింది.

ఆ మంగళవారం మీటింగులో ఎవరో ఏదో అంటే తులసి నవ్వింది. చెరువులో రొయ్య తెల్లమచ్చ తెగులొచ్చి చచ్చి తేలిపోతోందని మండిపడుతూ ఇంటికొచ్చిన గంగబాబు చెవిన, మూసిన తలుపు వెనక నుంచి ఆ నవ్వు పడింది. ఎవడితో నవ్వుతున్నావన్నాడు. లాప్‌టాప్ తెరవమన్నాడు. తెరవనంది. ఏమీ లేనప్పుడు చూపిస్తే పోలా అంది పెద్దింట్లమ్మ. కంపెనీది, చూపించకూడదు అంది తులసి. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ ఇంట్లో ఆమె వంటిల్లు అందరిది, జీతం అందరిది, ఒళ్ళు మొగుడిది. ఆ గోరంత జాగా ఒక్కటే ఆమెది. అందులో దాచినదేమీ లేదు. లేకపోయినా సరే, తెరవదు.

మర్నాడు పొద్దున్నే గంగబాబు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని అమలాపురంలో కిషోర్ అనే కుర్రాడి రిపేరు కొట్టుకి పట్టుకెళ్ళాడు. ఆ కంపెనీ లాప్‌టాప్‌ల మీద కిషోర్‌కి ఒక కిటుకు తెలుసు. పెన్‌డ్రైవులోంచి పాత వెర్షన్ ఎక్కిస్తే, దాని కన్నంలోంచి దూరి పాస్‌వర్డ్ దాటిపోవచ్చు. ఎక్కించబోయాడు. ఎన్నిసార్లు పెట్టినా, ఇది పాతది, చెల్లదని తెర మీద చూపించి యంత్రం ఆగిపోయింది. "పాతదాన్ని అస్సలు రానివ్వట్లేదండి. ఇది రాసినోళ్ళెవరో గట్టోళ్ళండి" అని కిషోర్ మెచ్చుకున్నాడట. మొగుడికి ఆ మెప్పు కారం రాసినట్టయింది.

తిరిగొచ్చి లాప్‌టాప్‌ని ఆమె ముఖం మీదికి విసిరాడు. పెదవి చిట్లింది. కడుపులో తన్నాడు. ఆమె లేచి గదిలోకి పరిగెత్తి తలుపు వేసుకోబోయింది. గుమ్మం అంచు మీద ఆమె కుడిచెయ్యి ఉంది. గంగబాబు ఆ చేతిని చూశాడు. చూసి, తలుపుని బయటికి లాగి, బలమంతా పెట్టి మూశాడు. వేళ్ళు నలిగిన చప్పుడు ఆమెకి తెలిసిన చప్పుడే, రోజూ రొయ్య తల విరిచినప్పుడు వచ్చేది. ఇంకోసారి మూశాడు. రెండోసారి ఆమె అరవలేకపోయింది.

ఆటోలో పెద్దింట్లమ్మ కోడలి చేతిని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. తువ్వాలు తడిసి, ఆవిడ చీర తడుస్తోంది. "గాలికి తలుపు పడిందని చెప్పు. మరేం అనకు" అని దారంతా చెవిలో చెబుతూనే ఉంది. ఆ మాట ఆవిడ నోట ఎంత నున్నగా వచ్చిందంటే, ఒకప్పుడు ఎవరి కోసం, ఏ దెబ్బకి నేర్చుకుందో తులసికి అడగకుండానే తెలిసిపోయింది. డ్రైవరు పక్కన కూర్చున్న గంగబాబు వెనక్కి తిరిగి ఏడుస్తున్నాడు. ఇదే ఆఖరు అంటున్నాడు, పెళ్ళినాటి మనిషినైపోతానంటున్నాడు. నొప్పికి కళ్ళు మూతలు పడుతున్నా తులసి ఆ ముఖాన్ని పరీక్షగా చూసింది. దొంగేడుపు కాదు. ఏనాడూ దొంగేడుపు కాదు. అతను నిజంగానే ఏడుస్తాడు, నిజంగానే ప్రేమిస్తానంటాడు, ఆ నిజాన్ని చూసే ఆమె ఆరేళ్ళూ తలుపు తీసింది. కొట్టింది అతను. ఆ పాపం అతనిదే, అందులో ఆమె వాటా పిసరంత కూడా లేదు. పాత మనిషిని ఇంక రానివ్వనని రామచంద్రపురంలో రాయకుండా వదిలేసిన ఆ ఒక్క వరస మాత్రం ఆమెదే.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ తువ్వాలు విప్పి చూసి, పళ్ళు బిగబట్టి, ఎలా జరిగిందని అడిగింది.

"గాలికి తలుపు పడిందండి" అంది పెద్దింట్లమ్మ.

"గాలి కాదండి" అంది తులసి. చిట్లిన పెదవితో మాట ముద్దగా వచ్చింది, అయినా గది అంతా వినిపించింది. "మా ఆయన పడేసేరు. చెయ్యి చూసే పడేసేరు. రెండుసార్లు."

గుమ్మంలో గంగబాబు ఏడుపు ఠక్కున ఆగిపోయింది. పెద్దింట్లమ్మ కోడలి భుజం పట్టుకుని గట్టిగా నొక్కింది. డాక్టరమ్మ కలం చేతిలో పట్టుకుని కాసేపు తులసి ముఖంలోకి చూసింది. ఇలాంటి కేసులు ఎన్ని చూసిందో, మర్నాడు వచ్చి మాట మార్చినవాళ్ళని ఎందరిని చూసిందో.

"చూడమ్మా, ఇది రాస్తే పోలీసులకి వెళ్తుంది. రేపు మీరే వచ్చి బతిమాలినా చెరపడానికి ఉండదు. ఆలోచించుకుని చెప్పండి."

"ఆయ్, తెలుసండి" అంది తులసి. "అందుకే రాయమంటున్నాను."